డబ్బు కట్ అయింది, ఆర్డర్ రాలేదు: ఒక పూతరేకుల సైట్‌కి హోస్టింగ్ మార్చిన కేస్ స్టడీ

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లోనే ఒక కుటుంబం బోర్లించిన కుండ మీద రేకులు తీసి, బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ రకాలు చుట్టి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతోంది. సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టింది, దాని మీద అమ్మకాలు, ఆర్డర్లు చూసుకునే వూకామర్స్ ప్లగిన్. అమ్మే రకాలు పాతిక దాటవు. మామూలు రోజుల్లో ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దసరా నుంచి సంక్రాంతి దాకా, ఆ తర్వాత పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చేదే వాళ్ల ఏడాది సంపాదన.

నేను రాజమండ్రిలో ఉంటూ ఇలాంటి చిన్న సైట్లు చూసుకుంటాను. ఈ సైట్ వేరేవాళ్లు కట్టి అప్పగించి వెళ్లిపోయారు. నా దగ్గరికి వచ్చింది దసరా రోజుల్లో. వ్యాపారం నడిపే ఆవిడని అక్కా అంటాను, వాళ్లాయన ప్యాకింగ్, కొరియర్ చూసుకుంటారు. ఆవిడ ఫోన్ చేసినప్పుడు హోస్టింగ్ (సైట్‌ని ఉంచడానికి సర్వర్‌లో అద్దెకి తీసుకునే చోటు) అన్న మాటే ఎత్తలేదు.

"తమ్ముడూ, పొద్దున్నుంచీ ఫోన్లు ఆగట్లేదు. డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ నంబర్ రాలేదంటున్నారు. ఇక్కడ చూస్తే ఆర్డర్ క్యాన్సిల్ అని ఉంది. నేనేం క్యాన్సిల్ చెయ్యలేదు."

పోయిన ఆర్డర్ జాడ

పేమెంట్ గేట్‌వే (సైట్ తరఫున డబ్బు కట్టించుకునే సర్వీస్) డాష్‌బోర్డ్, సైట్ లాగ్ పక్కపక్కన పెట్టుకుని ముందుగా ఒక్క ఆర్డర్ జాడ తీశాను. హైదరాబాద్ కస్టమర్. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర దాటాక రెండు బెల్లం పూతరేకుల డబ్బాలు కార్ట్‌లో వేసుకుని యూపీఐలో కట్టారు. బ్యాంకు నుంచి డబ్బు వెళ్లింది. పేమెంట్ అందిందని గేట్‌వే సైట్‌కి కబురు పంపింది, దీన్నే వెబ్‌హుక్ అంటారు. ఆ కబురు అందుకోవాల్సిన సమయానికి సైట్ 508 ఎర్రర్ ఇచ్చింది. నీ ఖాతాకి ఇచ్చిన కోటా అయిపోయిందని సర్వర్ చెప్పే మాట అది. కస్టమర్ ఫోన్‌లోనూ అదే పేజీ.

వూకామర్స్ లెక్కలో అది ఇంకా డబ్బు కట్టని ఆర్డరే. స్టాక్ లెక్క పెట్టుకునే సైట్‌లో కట్టని ఆర్డర్‌ని గంటసేపు పట్టి ఉంచి, ఆ తర్వాత తనంతట తానే క్యాన్సిల్ చెయ్యడం వూకామర్స్‌కి మొదటి నుంచీ ఉన్న సెట్టింగ్. గంట గడిచింది, డబ్బు కట్టిన ఆర్డర్ క్యాన్సిల్ అయింది. గేట్‌వే మధ్యలో మళ్లీ కబురు పంపింది గానీ రష్ తగ్గలేదు కాబట్టి మళ్లీ అదే జవాబు వచ్చింది.

ఆ రష్‌కి కారణం ఇన్‌స్టాలో ఎవరో ఫుడ్ వ్లాగర్ పెట్టిన రీల్. అక్కావాళ్లు అడిగి పెట్టించుకున్నది కాదు, ఇష్టంగా తిని పెట్టింది. ఆ రీల్ కిందే రాత్రికల్లా "డబ్బు తీసుకుని ఆర్డర్ ఇవ్వట్లేదు, ఫ్రాడ్ సైట్" అని కామెంట్లు మొదలయ్యాయి. ఆర్డర్ పోతే ఇంకో ఆర్డర్ వస్తుంది. తరతరాలుగా ఇంట్లో ఆడవాళ్లు చేసుకుంటూ వచ్చిన పనికి ఇలాంటి మాట రావడం నాకు చాలా బాధనిపించింది. ఈ కేసుని ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

ఆ రాత్రికి చేసినవి చిన్న పనులే. కట్టని ఆర్డర్‌ని పట్టి ఉంచే సమయం గంట నుంచి ఒక రోజుకి పెంచాం. గేట్‌వేలో డబ్బు వచ్చి, సైట్‌లో ఆర్డర్ లేనివాటి జాబితా తీశాం. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. సరుకు కావాలన్నవాళ్లకి పంపారు, వద్దన్నవాళ్లకి డబ్బు తిరిగి వేశారు.

అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో లిమిట్

వాళ్ల హోస్టింగ్ ప్లాన్ పేరులోనే అన్‌లిమిటెడ్ ఉంది. అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్, అన్‌లిమిటెడ్ వెబ్‌సైట్లు, అన్‌లిమిటెడ్ ఈమెయిళ్లు. హోస్టింగ్ ఖాతాని నడుపుకునే సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ అనే పేజీ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ఎంట్రీ ప్రాసెస్‌లు 20. డిస్క్ నుంచి చదవడం, రాయడం కలిపి సెకనుకి 1 ఎంబీ. ఆదివారం సాయంత్రం గ్రాఫ్‌లో రెండు గీతలూ పైకప్పుని తాకి అక్కడే ఉండిపోయాయి. మెమరీ సగం కూడా వాడలేదు. బ్యాండ్‌విడ్త్ అయితే లెక్కలోకి తీసుకోవాల్సిన అవసరమే లేదు.

ఎంట్రీ ప్రాసెస్ అంటే ఒకే సమయంలో సైట్ ఎన్ని పేజీల్ని తయారుచెయ్యగలదో ఆ సంఖ్య. పెళ్లి భోజనాల దగ్గర హాలు ఎంత పెద్దదన్నది కాదు, వడ్డించే చేతులు ఎన్ని అన్నది ముఖ్యం. ఒక్కో చెకౌట్ పేజీకి ఒక సెకను పడితే 20 ప్రాసెస్‌లు సెకనుకి 20 పేజీలు ఇస్తాయి. డిస్క్ వేగం బిగించి ఉండడం వల్ల అదే పేజీకి ఎనిమిది సెకన్లు పడితే సెకనుకి రెండున్నర పేజీలే. అప్పుడు వెనక వచ్చినవాళ్లందరికీ 508.

హోమ్ పేజీ వేగంగానే వస్తోంది కదా, మరి హోస్టింగ్‌ది తప్పెలా అవుతుందని వాళ్లాయన అడిగారు. మంచి ప్రశ్న. హోమ్ పేజీ, సరుకుల పేజీలు అందరికీ ఒకటే కాబట్టి క్యాష్‌లోంచి, అంటే ముందే తయారుచేసి ఉంచిన కాపీలోంచి వచ్చేస్తాయి, పేజీని అప్పటికప్పుడు తయారుచేసే పీహెచ్‌పీని తట్టాల్సిన పని ఉండదు. కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు మనిషి మనిషికీ మారతాయి. వాటిని క్యాష్ చెయ్యకూడదు, చేస్తే ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపిస్తుంది. అందుకే స్పీడ్ టెస్ట్ సైట్లలో హోమ్ పేజీ పెట్టి చూసి మార్కులు బాగున్నాయనుకుంటే అమ్మకాల సైట్ విషయంలో అది ఏమీ చెప్పదు. కార్ట్‌లో సరుకు వేసి చెకౌట్ పేజీ ఎన్ని సెకన్లకి తెరుచుకుంటోందో చూడాలి, అదీ రాత్రి ఏడు నుంచి పది మధ్య చూడాలి.

నిజం చెప్పాలంటే భారం అంతా హోస్టింగ్‌ది కాదు. ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలతో అలాగే పెట్టేశారు. వాడని స్లైడర్ ప్లగిన్, రెండు రకాల పాపప్‌లు ఉన్నాయి. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా వర్డ్‌ప్రెస్ క్రాన్ (వేళకి చెయ్యాల్సిన పనుల్ని నడిపేది) లేచి పని చేస్తోంది. ఇవన్నీ ముందు శుభ్రం చేశాను. ఫొటోలు వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి, ప్లగిన్లు తీసేసి, క్రాన్‌ని సర్వర్ టైమర్‌కి అప్పగించాక చెకౌట్ సమయం సుమారు సగానికి తగ్గింది. హోస్టింగ్ మార్చే ముందు ఈ పని తప్పకుండా చెయ్యాలి. లేకపోతే కొత్త చోట వచ్చే ఫలితం సర్వర్ వల్లా, శుభ్రం చెయ్యడం వల్లా అన్నది తేలదు.

సగం తగ్గినా పండగ రష్‌కి చాలదు. పాత కంపెనీ సపోర్ట్‌కి రాస్తే పై ప్లాన్‌కి అప్‌గ్రేడ్ చేసుకోమన్నారు. ఆ ప్లాన్‌లో ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, డిస్క్ వేగం ఎంత అని అడిగాను. జవాబుగా సైట్ స్పీడ్ పెంచుకునే చిట్కాల లింకు వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే లింకు, కింద సంతకంలో పేరు మాత్రం వేరు. పీహెచ్‌పీ కూడా 7.4 దగ్గరే ఆగి ఉంది. ఆ వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి. అక్కడితో మార్చాలని నిర్ణయించుకున్నాం.

99.9 శాతం అంటే ఎంత

వెతకడం మొదలుపెట్టే ముందు అక్కని అడిగిన ప్రశ్న ఒకటే: "ఏ గంటలో సైట్ ఆగితే మీకు నిజంగా దెబ్బ?" పండగకి ముందు వారం పది రోజులు, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా అంది. తెల్లవారుజామున రెండు గంటలు ఆగినా ఎవరికీ తెలియదంది.

ఈ జవాబు వచ్చాక అప్‌టైమ్ (సైట్ ఆగకుండా నడిచే సమయం) శాతాల సంగతి తేలికైపోయింది. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. ఏడాదికి అది దాదాపు 8 గంటల 45 నిమిషాలు. ఆ నిమిషాలు దీపావళి సాయంత్రం రావని ఎవరూ రాసివ్వరు. మాట తప్పితే ఇచ్చేది కూడా ఆ నెల అద్దెలో కొంత శాతం క్రెడిట్. నెలకి 300 రూపాయల ప్లాన్‌లో 5 శాతం అంటే 15 రూపాయలు. పోయిన ఒక్క ఆర్డర్‌కి కూడా అది సరిపోదు. పైగా మా సైట్‌కి వచ్చిన 508 లాంటి సమస్యని చాలా కంపెనీలు డౌన్‌టైమ్‌గా లెక్కే కట్టవు. సర్వర్ నడుస్తూనే ఉంది, మీ కోటా అయిపోయింది అంటారు.

కాబట్టి నేను చూడాలనుకున్నవి వేరు. రద్దీ గంటలో మనకి రాసిచ్చిన కోటా ఎంత? రాత్రి పదింటికి రాస్తే సమస్య అర్థం చేసుకుని బదులిచ్చే మనిషి ఉన్నాడా? బ్యాకప్ నిజంగా వెనక్కి వస్తుందా? నచ్చకపోతే ఒక్క రోజులో సామాను సర్దుకుని వెళ్లగలమా? నా అనుభవంలో చిన్న సైట్ నిలబడేది ఈ నాలుగింటి మీదే. స్టోరేజ్ 50 జీబీనా 100 జీబీనా అన్నది ఈ సైట్‌కి అక్కర్లేని లెక్క, ఎందుకంటే మొత్తం కలిపినా 3 జీబీ దాటదు.

రివ్యూలు, బ్రాండ్లు

టాప్ టెన్ హోస్టింగ్ కంపెనీల జాబితాలు నేను పక్కన పెట్టేస్తాను. అలాంటి చాలా పేజీల్లో లింకు నొక్కి కొంటే రాసినవాళ్లకి కమీషన్ వెళ్తుంది. హోస్టింగ్‌లో ఆ కమీషన్ చాలాసార్లు మనం కట్టే మొదటి ఏడాది ధర కంటే ఎక్కువే ఉంటుంది.

ఇంకో సంగతి, వేర్వేరు పేర్లు ఉన్నంత మాత్రాన వేర్వేరు కంపెనీలు కావు. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, హోస్ట్‌మాన్‌స్టర్, జస్ట్‌హోస్ట్ ఒకే గ్రూప్ చేతిలో ఉన్న రోజుల్లో, 2013 ఆగస్టులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రోవో డేటా సెంటర్‌లో సమస్య వస్తే నాలుగు బ్రాండ్ల సైట్లూ ఒకేసారి పడిపోయాయి. ఆ గ్రూపే 2021లో వెబ్‌డాట్‌కామ్‌తో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. ఒక బ్రాండ్‌తో విసిగి ఇంకో బ్రాండ్‌కి మారేముందు దాని యజమాని ఎవరో చూసుకోవాలి. టర్మ్స్ పేజీ అడుగున రిజిస్టర్డ్ కంపెనీ పేరు ఉంటుంది.

ఆ టర్మ్స్ పేజీ మొత్తం ఓపిగ్గా చదవడమే ఈ పనిలో అన్నిటికంటే లాభసాటి గంట. అన్‌లిమిటెడ్ స్టోరేజ్ అన్నచోటే ఫైళ్ల సంఖ్యకి పరిమితి ఉంటుంది, దాన్ని ఐనోడ్ అంటారు. మెయిళ్లు కూడా ఫైళ్లే కాబట్టి ఏళ్ల తరబడి తీసెయ్యని ఇన్‌బాక్స్ ఆ కోటాని మింగేస్తుంది. బ్యాకప్ గురించి చాలా చోట్ల మాట ఒకటే: మర్యాదకి తీస్తాం, హామీ లేదు, బాధ్యత మీదే. ఫైళ్లు ఫలానా సంఖ్య దాటితే తీయనే తీయమని కూడా కొందరు రాస్తారు.

సర్వర్ ఎక్కడ

పాత సర్వర్ అమెరికాలో ఉంది. కస్టమర్లలో ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు. మన దగ్గర్నుంచి అమెరికాకి ఒక మాట వెళ్లి రావడానికి పావు సెకను దాకా పడుతుంది. కొత్తగా సైట్ తెరిచే ఫోన్‌కి మొదటి అక్షరం అందేలోపు అలాంటి రాకపోకలు కనీసం మూడు జరగాలి: కనెక్షన్‌కి ఒకటి, ఎన్‌క్రిప్షన్ తాళం వేసుకోవడానికి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి. సర్వర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకపోయినా ముప్పావు సెకను అక్కడే పోయింది. ముంబైలో సర్వర్ ఉంటే అదంతా సెకనులో పదోవంతు దగ్గర అయిపోతుంది. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (కాపీలని చాలా ఊళ్లలో ఉంచి అందించే సర్వీస్) పెడితే ఫొటోలు దగ్గర్నుంచి వస్తాయి గానీ చెకౌట్ మాత్రం అసలు సర్వర్ దాకా వెళ్లి రావాల్సిందే.

ఇప్పుడు మన దేశంలో చోటుకి కొదవ లేదు. అమెజాన్ ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022లో డేటా సెంటర్లు తెరిచింది. డిజిటల్ ఓషన్ అనే క్లౌడ్ కంపెనీకి బెంగళూరులో ఉంది. దాంతో అక్కావాళ్లబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, "అన్నా, నేరుగా ఒక వీపీఎస్ తీసుకుంటే కోటా గొడవే ఉండదు కదా, ధర కూడా అంతే" అన్నాడు. మాట నిజమే. కానీ వీపీఎస్ అంటే సర్వర్‌లో మనకే విడిగా ఇచ్చే భాగం, అందులో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, డేటాబేస్ ఆగిపోతే లేపడం, డిస్క్ నిండితే ఖాళీ చెయ్యడం అన్నీ మనవే. పండగ రాత్రి డేటాబేస్ పడిపోతే లేపే మనిషి ఆ ఇంట్లో లేడు, కుర్రాడికి సెమిస్టర్ పరీక్షలు ఉండొచ్చు, నేను ప్రయాణంలో ఉండొచ్చు. ఇలాంటి ఇంటి వ్యాపారానికి వీపీఎస్ వద్దని గట్టిగా చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. సర్వర్ చూసుకునే పని కంపెనీదే అయిన, ముంబైలో సర్వర్ ఉన్న, కోటా అంకెలు రాసిచ్చే షేర్డ్ (చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునే) లేదా మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ ప్లాన్ మాకు కావాల్సింది.

రాత్రి పదకొండు గంటల ప్రశ్న

వడపోతలో మూడు కంపెనీలు మిగిలాయి. పేర్లు రాయడం లేదు. ఒకే కంపెనీలో ఒక సర్వర్ బాగుండి ఇంకోటి కిక్కిరిసి ఉండడం మామూలే, పేరు చూసి ఎవరైనా కళ్లు మూసుకుని కొంటే నేను చెప్పినదానికి అర్థం ఉండదు. ముగ్గురికీ కొనకముందే ఒక రాత్రి పదకొండు దాటాక ఒకే సందేశం పంపాను. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను:

"మాది వూకామర్స్ సైట్. ఈ ప్లాన్‌లో ఎంట్రీ ప్రాసెస్‌లు లేదా పీహెచ్‌పీ వర్కర్లు ఎన్ని, డిస్క్ ఐఓ పరిమితి ఎంత, ఐనోడ్‌లు ఎన్ని? బ్యాకప్ రోజూ తీస్తారా, ఎన్ని రోజులు ఉంచుతారు, సర్వర్ ఉన్న డేటా సెంటర్‌లోనే ఉంచుతారా, వేరే చోటా? డేటాబేస్ ఒక్కటే వెనక్కి తెచ్చుకునే వీలుందా, దానికి ఛార్జీ ఉందా? రెండో ఏడాది ధర జీఎస్టీతో కలిపి ఎంత?"

మొదటి కంపెనీ చాట్‌లో వెంటనే పలికింది. పలికాక మాత్రం ప్రశ్నలకి జవాబులు రాలేదు, ఆఫర్ రేపటితో అయిపోతుందని చెప్పడమే పనిగా పెట్టుకున్నారు. రెండో కంపెనీ మర్నాడు పొద్దున ప్రతి ప్రశ్నకీ అంకెతో సహా రాసింది. మూడో కంపెనీ రాత్రే అరగంటలోపు రాసింది, వర్కర్ల సంఖ్య తమ దగ్గర సర్వర్‌ని బట్టి మారుతుందని, కచ్చితంగా చెప్పలేమని ఒప్పుకుంది. నాకు ఆ నిజాయితీ నచ్చింది. అయినా రాసిచ్చిన అంకె ఉన్నచోటు, రాత్రి పలికే చోటు రెండింటినీ కొంతకాలం వాడి చూడాలనుకున్నాను.

రెండింట్లోనూ నెలవారీ ప్లాన్ తీసుకున్నాం. మూడేళ్ల ప్లాన్ మీద సగానికి సగం తక్కువకి వస్తుందని ఊరించినా లొంగలేదు. సైట్ కాపీని సబ్‌డొమైన్‌లో (అదే పేరు కింద ఇంకో అడ్రస్‌లో) పెట్టి, గూగుల్‌కి కనిపించకుండా చేసి, క్యాష్ లేని ఒక పేజీని అయిదు నిమిషాలకోసారి తట్టేలా మానిటర్ పెట్టాను. అప్‌టైమ్‌రోబోట్ లాంటి సర్వీస్ ఈ పనికి చాలు. పేజీ ఎంత వేగంగా వచ్చిందన్నది కాదు నేను చూసింది, పగటికీ రాత్రికీ తేడా ఎంత ఉందన్నది. మూడో కంపెనీలో పగలు అర సెకను పట్టే పేజీ రాత్రి తొమ్మిదికి రెండు మూడు సెకన్లకి జారేది. అదే సర్వర్‌లో మనతో పాటు ఉన్న సైట్ల రద్దీ అది. రెండో కంపెనీలో గీత దాదాపు సమంగా నడిచింది. ఆ తర్వాత వాళ్ల అనుమతి అడిగి, ఒకేసారి నలభై మంది చెకౌట్ చేస్తున్నట్టు చిన్న లోడ్ టెస్ట్ నడిపాను. పేజీలు మందగించాయి గానీ ఎర్రర్ రాలేదు. వెబ్‌హుక్‌లు అన్నీ అందాయి. మాకు కావాల్సింది అదే.

బ్యాకప్‌ని నమ్మే ముందు

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి మంటల్లో పూర్తిగా కాలిపోయింది. అంత పెద్ద కంపెనీలో కూడా, బ్యాకప్ అదే ప్రాంగణంలో ఉండిపోయిన కస్టమర్లు డేటా శాశ్వతంగా పోగొట్టుకున్నారు. అందుకే బ్యాకప్ ఏ ఊళ్లో ఉందన్నది నా ప్రశ్నల్లో ఉంటుంది.

రెండో కంపెనీలో టెస్ట్ కాపీలోంచి ఆర్డర్ల టేబుల్‌ని కావాలనే తుడిచేసి, ప్యానెల్‌లోంచి ముందురోజు డేటాబేస్ రిస్టోర్ నొక్కాను. కాసేపట్లో ఆర్డర్లు వచ్చేశాయి. అక్కని పక్కన కూర్చోబెట్టి ఆవిడ చేత కూడా చేయించాను. మొదట చెయ్యి పెట్టడానికి టెన్షన్ పడింది, రెండోసారి నేను మాట్లాడకముందే తనే నొక్కేసింది. కంపెనీ బ్యాకప్‌తో ఆగకుండా అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్‌తో రోజూ డేటాబేస్, వారానికోసారి మొత్తం సైట్ ఆవిడ సొంత గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టాం. హోస్టింగ్ కంపెనీయే మూతపడినా ఆ కాపీ ఆవిడ చేతిలో ఉంటుంది.

వెళ్లిపోయే దారి గురించి ఇంకో మాట. 2019లో సీప్యానెల్ తన లైసెన్స్ ధరని ఖాతాల సంఖ్యకి ముడిపెట్టాక కొన్ని కంపెనీలు సొంత ప్యానెల్స్ పెట్టుకున్నాయి. వాటిలో బాగున్నవీ ఉన్నాయి. కాకపోతే మొత్తం ఖాతాని ఒకే బ్యాకప్ ఫైల్‌గా దించుకుని ఇంకోచోట ఎక్కించే సౌకర్యం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

డొమైన్, మెయిల్, బిల్లు

డొమైన్, అంటే సైట్ పేరు, పాత డెవలపర్ మెయిల్ ఐడీ మీద ఉంది. హోస్టింగ్ కంటే నాకు పెద్ద ప్రమాదంగా కనిపించింది ఇదే. ఆయన్ని పట్టుకుని, మంచిగా మాట్లాడి, ఖాతాని అక్క మెయిల్‌కి, అక్క ఫోన్ నంబర్‌కి మార్పించాం. హోస్టింగ్ మార్చడానికి డొమైన్‌ని వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చెయ్యాల్సిన అవసరం లేదు, నేమ్‌సర్వర్లు (ఆ పేరుకి సర్వర్ ఎక్కడుందో చెప్పేవి) మారిస్తే చాలు. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఒకచోట ఉంచడం నా అలవాటు. ఒకరితో గొడవ వచ్చినా రెండోది మన చేతిలోనే ఉంటుంది.

మెయిల్‌ని కూడా హోస్టింగ్‌లోంచి బయటికి తీశాం. షేర్డ్ సర్వర్‌లో మనతో ఉన్న ఎవరో స్పామ్ పంపితే ఆ సర్వర్ ఐపీ అడ్రస్ మొత్తానికి చెడ్డపేరు వచ్చి మన ఆర్డర్ మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి. ఆర్డర్ మెయిళ్లకి విడిగా మెయిల్ సర్వీస్ తీసుకుని, మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో పట్టు బిగించింది, ఇవి లేకుండా నెట్టుకురావడం కష్టం.

బిల్లు దగ్గర మన దేశంలో ఒక చిక్కు ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవాలంటే ఇ-మాండేట్ (మనం ముందే ఇచ్చే అనుమతి) ఉండాలి, 24 గంటల ముందు కబురు రావాలి. పరిమితి దాటిన మొత్తానికి ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ పరిమితి మొదట 5,000, 2022లో 15,000 రూపాయలకి పెంచారు. ఈ పద్ధతికి సిద్ధంగా లేని విదేశీ కంపెనీలో ఆటో రెన్యువల్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటే, పేమెంట్ ఫెయిలై సైట్ ఆగిపోయే దాకా తెలియదు. అందుకే రూపాయల్లో జీఎస్టీ బిల్లు ఇచ్చి, యూపీఐ తీసుకునే చోటే ఎంచుకున్నాం. కొత్త కంపెనీ గుర్తింపు వివరాలు అడిగినప్పుడు అక్క అనుమానపడింది. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్, క్లౌడ్, వీపీఎస్ కంపెనీలు కస్టమర్ వివరాలు సరిచూసి అయిదేళ్లు ఉంచాలని చెప్పాక కుదుటపడింది.

మార్చిన రోజు

దీపావళి పార్సిళ్లు అన్నీ వెళ్లిపోయాక, వారం మధ్యలో ఒక తెల్లవారుజాము పెట్టుకున్నాం. డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (పాత అడ్రస్‌ని గుర్తుపెట్టుకునే గడువుని) ముందే 300 సెకన్లకి తగ్గించాను, దానివల్ల కొత్త అడ్రస్ త్వరగా అందరికీ చేరుతుంది. పాత నేమ్‌సర్వర్‌లో ఉన్న రికార్డులన్నీ, ముఖ్యంగా మెయిల్‌కి సంబంధించిన ఎమ్ఎక్స్, కొత్త చోట ముందే రాసిపెట్టాను. సైట్ మారాక మెయిళ్లు రావట్లేదని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే. సైట్‌కి ఎన్‌క్రిప్షన్ తాళం ఇచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌ని కూడా డీఎన్‌ఎస్ పద్ధతిలో ముందే తెచ్చి ఉంచాం. పాత సైట్‌లో చెకౌట్ ఆపి, చివరి డేటాబేస్ కాపీ తీసుకుని కొత్తదాంట్లో ఎక్కించి, అడ్రస్ తిప్పాం. వాళ్లాయన తన ఫోన్ నుంచి ఒక డబ్బా ఆర్డర్ చేసి యూపీఐలో కట్టారు. ఆర్డర్ నంబర్ వచ్చింది, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే పడింది, గేట్‌వేలో వెబ్‌హుక్ పక్కన 200 (సరిగ్గా అందిందన్న కోడ్) కనిపించింది. పాత హోస్టింగ్‌ని ఇంకో నెల అలాగే ఉంచాం.

సంక్రాంతి రష్‌లో చెకౌట్ పేజీ ఒకటి ఒకటిన్నర సెకన్లలో వచ్చింది. డబ్బు కట్ అయి ఆర్డర్ రానిది ఒక్కటీ లేదు. భోగి ముందు ఒక మధ్యాహ్నం సైట్ కొద్ది నిమిషాలు ఆగింది. కంపెనీ తన స్టేటస్ పేజీలో నెట్‌వర్క్ స్విచ్ సమస్య అని వెంటనే పెట్టింది, సరయ్యాక కారణం కూడా రాసింది. అలా రాసే కంపెనీలో ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. ఖర్చు పాతదాని కంటే ఏడాదికి రెండు వేల చిల్లర పెరిగింది. అక్క దాని గురించి మళ్లీ అడగలేదు.

ఇప్పుడు డల్లాస్, న్యూజెర్సీల నుంచి పిల్లలు ఇక్కడున్న అమ్మానాన్నలకి పంపమని ఆర్డర్లు ఇస్తున్నారు. వాళ్లకి ఫొటోలు, సరుకుల పేజీలు సీడీఎన్ నుంచి అందుతున్నాయి. చెకౌట్ ముంబై దాకా రావాలి కాబట్టి కాస్త నెమ్మది, కొన్ని విదేశీ కార్డులు గేట్‌వే దగ్గర తిరస్కరణకి గురవుతున్నాయి. రెండోది హోస్టింగ్‌తో తేలేది కాదు, గేట్‌వే వాళ్లతో అంతర్జాతీయ పేమెంట్ల అనుమతి కోసం కాగితాలు నడుస్తున్నాయి. అవి వచ్చాక అక్కడి నుంచి చెకౌట్ సమయం ఎంత పడుతోందో కొలిచి, అప్పుడు ఏమైనా మార్చాలా అన్నది చూస్తాం.